స్మార్ట్ ఇంటికి ముందు స్విచ్‌బోర్డు విప్పి చూసేవాడు కావాలి

విశాఖ ఎంవీపీ కాలనీలో పాతికేళ్ల కిందట కట్టిన ఒక ఫ్లాట్ అనుకుందాం. హాల్లో స్విచ్‌బోర్డు మరలు విప్పి ప్లేటును మెల్లగా ముందుకు లాగితే లోపల ఏముంటుంది? రెండు మూడు ఎర్ర వైర్లను మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింటు ఒకటి. ఏళ్ల తరబడి ఉక్కకి ఆ టేపు జిగురు వదిలి సగం ఊడి వేలాడుతుంటుంది. సముద్రపు గాలికి రాగి తీగ కొసలు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. బోర్డులో సాకెట్ ఉంది కాబట్టి కరెంటు తిరిగి వెళ్లే నల్లటి న్యూట్రల్ వైరు ఒకటి కనిపిస్తుంది. మంచం పక్కనుండే రెండు స్విచ్‌ల చిన్న బోర్డు విప్పితే చాలాసార్లు అదీ ఉండదు.

హోమ్ ఆటోమేషన్ పని చివరికి జరిగేది ఈ పెట్టెలోనే. ఫోన్ మీద వేలు తాకిస్తే లైటు వెలగడం, నోటితో చెబితే ఫ్యాన్ తిరగడం పైకి కనిపించే ముచ్చట. ఆ ముచ్చట నాలుగు రోజులుంటుందో పదేళ్లుంటుందో తేల్చేది గోడ వెనక ఉన్న వైరింగ్, దాన్ని ముట్టుకున్న చెయ్యి. షోరూమ్‌లో డెమో చూసి కాంట్రాక్టర్‌ను ఎంచుకుంటే పెళ్లిచూపుల్లో చీర చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టే. డెమో బోర్డు కొత్తది, వైరింగ్ కొత్తది, రూటర్ రెండడుగుల దూరంలో ఉంటుంది. అక్కడ అన్నీ పనిచేస్తాయి. ఇంటికి వచ్చిన మనిషి బ్యాగులోంచి ముందు ట్యాబ్ తీశాడా, టెస్టర్, స్క్రూడ్రైవర్ తీశాడా అన్నది గమనిస్తే సగం విషయం అర్థమైపోతుంది.

విశాఖలో ఈ పనికి వచ్చేవాళ్లు పలు దారుల్లోంచి వచ్చారు. సీసీ కెమెరాలు పెడుతూ పెడుతూ స్మార్ట్ స్విచ్‌ల వైపు వచ్చినవాళ్లు కొందరు. వీళ్లకి నెట్‌వర్కింగ్ మీద పట్టు ఉంటుంది, 230 వోల్టుల వైరింగ్ మీద అంతగా ఉండకపోవచ్చు. ఇళ్లలో కరెంటు పని చేస్తూ కొత్త సామాను నేర్చుకున్నవాళ్లు మరికొందరు. వీళ్లకి వైరు గురించి బాగా తెలుసు, పాస్‌వర్డులు, అకౌంట్లు అనేసరికి తడబడతారు. ఇంటీరియర్ డిజైనర్లు, బిల్డర్లు ప్యాకేజీలో కలిపి ఇచ్చేది ఇంకో రకం. అక్కడ పని వేరే ఎవరికో సబ్‌కాంట్రాక్టు వెళుతుంది కాబట్టి రేపు ఫోన్ చేస్తే పలికేది ఎవరో ముందే తేల్చుకోవాలి. ఎవరి దారి తప్పని కాదు. ఒకే మనిషికి రెండూ రావాలని పట్టుబట్టనక్కర్లేదు కూడా. జట్టులో రెండు పనులూ వచ్చినవాళ్లు ఉన్నారా, వాళ్లే స్వయంగా ఇంటికి వస్తారా అన్నది ముఖ్యం.

లైసెన్సు సంగతి చాలామంది అడగరు. అడగాలి. మన దేశంలో విద్యుత్ భద్రతకు సంబంధించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలున్నాయి. ప్రస్తుతం అమల్లో ఉన్నవి 2023 నాటివి. ఇంట్లో కొత్త వైరింగ్ వేయాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ చేయించాలి. సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్నవాడు దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చెయ్యాలి. బల్బు, ఫ్యాన్, ఫ్యూజు, స్విచ్ లాంటివి ఉన్నచోటే మార్చడానికి మాత్రం మినహాయింపు ఉంది, అదీ వైరింగ్ సామర్థ్యం, స్వభావం మారనంతవరకే. "మేం స్విచ్‌లే మారుస్తాం సార్, లైసెన్సు ఎందుకు" అనే జవాబు ఈ మినహాయింపు చాటునే వస్తుంది. నాలుగు స్విచ్‌లు మార్చి ఊరుకుంటే ఆ మాట నిజమే. డీబీ బాక్స్‌లో (ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టె) కొత్త ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) పెట్టినా, న్యూట్రల్ కోసం కొత్త వైరు లాగినా, మోటారుకి కొత్త లైను వేసినా ఆ మాట చెల్లదు. ఇంటి మొత్తానికి ఆటోమేషన్ చేస్తే ఈ మూడింట్లో ఏదో ఒకటి చాలావరకు వస్తుంది.

కంపెనీలు ఇచ్చే డీలర్ సర్టిఫికెట్ వేరు. ఫలానా బ్రాండు సామాను అమ్మడానికి, బిగించడానికి శిక్షణ తీసుకున్నాడని అది చెబుతుంది. కరెంటు పని చట్టప్రకారం చేయగలడని చెప్పదు. షోరూమ్ గోడకి ఫ్రేము కట్టి ఉన్న కాగితం ఏ రకానిదో దగ్గరకు వెళ్లి చదవడంలో మొహమాటం అక్కర్లేదు. పనివాళ్ల చదువు అడగడం కూడా మంచిదే. కంచరపాలెం ఐటీఐ లాంటి చోట ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు చదివిన కుర్రాడు జట్టులో ఉంటే అది కాంట్రాక్టర్ గర్వంగా చెప్పుకునే విషయమే. చెప్పకుండా దాటేస్తున్నాడంటే లేడనుకోవాలి.

ఇక అసలు పని. పాత ఇళ్లలో మొదట వచ్చే చిక్కు న్యూట్రల్‌ది. మామూలు స్విచ్‌కి కరెంటు మోసుకొచ్చే ఫేజ్ వైరు ఒక్కటి తెగి కలిస్తే చాలు. స్మార్ట్ స్విచ్ లోపల చిన్న సర్క్యూట్, రేడియో ఉంటాయి. లైటు ఆపేసినా అవి మెలకువగా ఉండాలి, ఫోన్ పిలిస్తే పలకాలి. దానికి ఎప్పుడూ కాస్త కరెంటు కావాలి, అంటే బోర్డులో న్యూట్రల్ కావాలి. న్యూట్రల్ లేకుండా పనిచేసే రకాలూ మార్కెట్లో ఉన్నాయి. అవి తమకు కావాల్సిన కరెంటును బల్బు గుండానే లాక్కుంటాయి. పాత ఫిలమెంటు బల్బుకి అది తెలియదు. 5 వాట్ల ఎల్ఈడీకి తెలుస్తుంది, ఆపేసినా మసగ్గా వెలుగుతూనో, మిణుకుమంటూనో ఉంటుంది. ఇది తెలిసిన కాంట్రాక్టర్ ప్రతి బోర్డూ విప్పి ఎక్కడ న్యూట్రల్ ఉంది, ఎక్కడ లేదు, పెట్టె లోతు ఎంత అని రాసుకుంటాడు. ఒకే లైటును కిందా పైనా రెండు చోట్ల నుంచి నడిపే మెట్ల దగ్గరి టూ-వే స్విచ్‌ను ప్రత్యేకంగా గుర్తు పెట్టుకుంటాడు. మూడు గదుల ఇంటికి ఈ పని చేయడానికి గంట, గంటన్నర పడుతుంది. ఆ సమయం పెట్టకుండా గుమ్మంలో నిలబడి "మొత్తం ఇంత అవుతుంది" అన్నవాడి లెక్క గాల్లో వేసినదే.

ఇంతకంటే లోతైన చిక్కు ఇన్వర్టర్‌ది. దీని గురించి అమ్మేవాళ్లు మాట్లాడటం అరుదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ ఫేజ్ వేరే వైరులో వస్తుంది, కొన్ని లైట్లు, ఫ్యాన్లు దాని మీద ఉంటాయి. స్మార్ట్ మాడ్యూల్‌కి (స్విచ్‌ను ఫోన్‌తో నడిపించే చిన్న పరికరం) కరెంటు మెయిన్ లైను నుంచి ఇచ్చి, అది నడిపే లైటుకి ఇన్వర్టర్ లైను ఇచ్చారనుకోండి. కరెంటు పోగానే మాడ్యూల్ చచ్చిపోతుంది. బ్యాటరీ నిండా ఉన్నా లైటు వెలగదు. ఇంకోటి, షాక్ కొట్టకుండా కాపాడే ఆర్‌సీసీబీ. మనిషి ప్రాణం కాపాడటానికి ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది ట్రిప్ అవుతుంది. ఒక ఆర్‌సీసీబీ కింద ఉన్న సర్క్యూట్ న్యూట్రల్‌ను దాని కింద లేని ఇంకో సర్క్యూట్‌తో కలిపేస్తే ఎక్కడా లీకేజీ లేకపోయినా అది పడిపోతూనే ఉంటుంది. న్యూట్రల్ లేని బోర్డుకి పక్క గదిలోంచి దొరికిన న్యూట్రల్ లాగి పెట్టినప్పుడు ఇదే జరగొచ్చు. అప్పుడు తెలియని పనివాడు చేసే పని ఒకటుంది: "ఇది పదేపదే పడిపోతోంది సార్" అని ఆర్‌సీసీబీనే తీసేయడం. ఫోన్‌తో లైటు వేసుకునే సుఖం కోసం ఇంట్లో పిల్లల ప్రాణానికి ఉన్న అడ్డుకట్టను తీసేసినట్టు అది. ఈ ఒక్క ప్రశ్న ఏ కాంట్రాక్టర్‌నైనా అడిగి చూడండి: "ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతుంటే ఏం చేస్తారు?" ఏ సర్క్యూట్లో తేడా వచ్చిందో ఒక్కొక్కటీ విడదీసి చూస్తానని చెప్పినవాడిని కూర్చోబెట్టి కాఫీ ఇవ్వొచ్చు. తీసేస్తానన్నవాడిని గుమ్మం దగ్గరే ఆపేయాలి.

బరువు లాగే సామాన్ల దగ్గర తప్పు జరిగితే కాలిన వాసన వస్తుంది. 2000 వాట్ల గీజర్ 9 ఆంపియర్లకు దగ్గరగా లాగుతుంది. 10 ఆంపియర్లని రాసి ఉన్న మాడ్యూల్ మీద దాన్ని రోజూ అరగంట నడిపితే అంచు మీద నడకే. నీళ్ల మోటారు ఇంకా కష్టం. తిరుగుతున్నప్పుడు లాగే కరెంటుకి స్టార్టింగ్‌లో ఐదారు రెట్లు లాగుతుంది. మాడ్యూల్ మీద రాసిన ఆంపియర్లు చాలావరకు బల్బు, హీటర్ లాంటి లోడ్లకు చెప్పినవి, మోటారుకి కాదు. కుళాయి నీళ్లు రోజులో కొద్దిసేపే వచ్చే ఇళ్లలో సంపు నుంచి ట్యాంకుకి మోటారు తనంతట తను నడవాలని కోరుకోవడం సహజం. విశాఖలో ఆటోమేషన్ నిజంగా అక్కరకొచ్చే పని అదే అనిపిస్తుంది. కానీ దానికి మాడ్యూల్ కాంటాక్టర్‌ను (పెద్ద లోడును తట్టుకునే, కరెంటుతో నడిచే స్విచ్) నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి. సంపులో నీళ్లు అయిపోతే మోటారు ఆగే ఏర్పాటు కూడా ఉండాలి. ఫ్యాన్ల విషయంలోనూ ఇలాంటిదే ఉంది. తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి వేగం తగ్గించే సర్క్యూట్ దాని లోపలే ఉంటుంది. పాత ఫ్యాన్‌కి వాడే స్మార్ట్ రెగ్యులేటర్‌ను దానికి తగిలిస్తే సరిగా పనిచేయదు, పాడైనా పాడవుతుంది. ఇంట్లో ఏ ఫ్యాన్లున్నాయని అడగకుండానే కొటేషన్ రాశాడంటే ఆ కొటేషన్ మీ ఇంటిది కాదు.

విశాఖకే ప్రత్యేకమైనవి రెండున్నాయి. ఒకటి ఉప్పు గాలి. లాసన్స్ బే, బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇళ్లలో గేటు మోటారు, బయటి కెమెరా, తలుపు డిజిటల్ లాకు తొందరగా పాడయ్యేది దీనివల్లే. బయట పెట్టే కెమెరాకి నీరు, దుమ్ము చొరబడని ఐపీ66 లాంటి రేటింగ్ ఉండాలి, కేబుల్ పెట్టెలోకి వెళ్లేచోట గ్లాండ్ (కేబుల్ చుట్టూ బిగుసుకునే మూత) బిగించి మూసెయ్యాలి. మరలు, బ్రాకెట్లు స్టెయిన్‌లెస్ స్టీలువైతే మేలు. సముద్రం పక్కనైతే అందులోనూ 316 గ్రేడు, 304 కంటే అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. బాల్కనీ బోర్డులో రాగి కొసలకి లగ్గులు (లోహపు తొడుగులు) వేసి నొక్కాలి, ఊరికే మెలిపెట్టి వదలకూడదు. సముద్రానికి ఇల్లు ఎంత దూరమని అడిగిన కాంట్రాక్టర్ ఈ ఊళ్లో పని చేసి నేర్చుకున్నవాడు.

రెండోది తుపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఈ నగరం రోజుల తరబడి కరెంటు లేకుండా, ఫోన్ సిగ్నల్ లేకుండా ఉంది. ఆ తర్వాత నగరంలో కొన్ని ప్రాంతాల్లో ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ విద్యుత్ కేబుళ్లు వేశారు. అయినా ఇంటర్నెట్ పోవడం, కరెంటు పోయి రావడం మామూలే. అలాంటప్పుడు ఇల్లు ఎలా ప్రవర్తించాలన్నది కాంట్రాక్టర్ ముందే ఆలోచించి ఉండాలి. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లో ఉన్న హబ్‌తోనే (స్మార్ట్ సామానంతటినీ కలిపి నడిపే పెట్టె) లైట్లు నడవాలి. అంతా పోయినా గోడ మీది స్విచ్ నొక్కితే వెలగాలి. డిజిటల్ లాకుకి మామూలు తాళంచెవి దారి ఒకటి ఉండాలి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏ స్విచ్ ఏ స్థితిలోకి వెళ్లాలో చాలా మాడ్యూళ్లలో సెట్ చేసుకోవచ్చు. దాన్ని పట్టించుకోకపోతే అర్ధరాత్రి రెండింటికి కరెంటు రాగానే ఇంట్లో లైట్లన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి, ఎవరూ వేయని గీజర్ వేడెక్కుతూ కూర్చుంటుంది. గీజర్, మోటారు, ఇస్త్రీపెట్టె సాకెట్ ఎప్పుడూ ఆఫ్‌లోకే వెళ్లాలి. డీబీలో సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే సామాను కాపాడేది) పెట్టడం, దానికి తగ్గ ఎర్తింగ్ ఉందో లేదో కొలిచి చూడటం కూడా ఈ ఖర్చులోనే ఉండాలి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టర్ తన పని సరిగా చేయలేదు.

ఏ టెక్నాలజీ మంచిది అన్న చర్చకి అంతు లేదు. ఇక్కడ తేల్చుకోవాల్సింది కొంచెమే. కొత్తగా ఇల్లు కడుతుంటే, ఇంకా గోడలు పూత వేయకముందే అయితే, కేఎన్ఎక్స్ లాంటి వైరు ఆధారిత పద్ధతి ఆలోచించొచ్చు. ఖర్చు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. దానికి ప్రోగ్రామింగ్ ఈటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. ఆ ప్రాజెక్టు ఫైలు ఇంటి యజమాని చేతికి రాకపోతే రేపు ఒక్క బటన్ పని మార్చాలన్నా ఆ కాంట్రాక్టర్ దగ్గరికే వెళ్లాలి. కట్టేసిన ఇళ్లలో వైఫై, జిగ్‌బీ లాంటి వైరు లేని రకాలే ఎక్కువ. వేర్వేరు కంపెనీల సామాను కలిసి పనిచేయడానికి 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణాన్ని పాటించే సామాను కొంటే ఒక కంపెనీకే కట్టుబడిపోయే టెన్షన్ తగ్గుతుంది. ఈ కట్టుబాటు ఎంత ప్రమాదమో అమెరికాలో ఇన్‌స్టియాన్ కంపెనీ స్మార్ట్ సామాను కొన్నవాళ్లకి తెలుసు. 2022 ఏప్రిల్‌లో ఆ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. గోడ స్విచ్‌లు పనిచేశాయి గాని ఫోన్లో యాప్ పనికిరాకుండా పోయింది. కాంట్రాక్టర్‌ను అడగాల్సింది ఇదే: "ఈ కంపెనీ రేపు మూతపడితే మా ఇంట్లో ఏవి పనిచేస్తాయి, ఏవి ఆగిపోతాయి?"

తర్వాతిది తాళాల సంగతి. ఇంటి తాళాలు కాదు, అకౌంట్ల తాళాలు. పని త్వరగా అయిపోవాలని ఇన్‌స్టలేషన్‌కి వచ్చిన కుర్రాడు తన మెయిల్ ఐడీతోనే అకౌంట్ తెరిచి, ఇంట్లోవాళ్లని అందులో సభ్యులుగా చేర్చేసి వెళ్లిపోవడం జరుగుతుంటుంది. అంటే ఇంటి లైట్లకి, కెమెరాకి, తలుపుకి అసలు యజమాని అతను. చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు. ఉద్యోగం మారితే చాలు, పాస్‌వర్డ్ అతనితో పాటే వెళ్లిపోతుంది. అకౌంట్ మొదటి రోజు నుంచీ యజమాని మెయిల్, ఫోన్ నంబరు మీదే ఉండాలి. కెమెరాలు, రూటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌తో ఉండకూడదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా పాకింది అలా వదిలేసిన కెమెరాలు, రికార్డర్ల మీదుగానే. కెమెరాల భద్రత పరీక్షలపై కేంద్ర ప్రభుత్వం 2024లో కొత్త నిబంధనలు తెచ్చింది, 2025 ఏప్రిల్ నుంచి అమలు చేస్తోంది. అందుకే పాత స్టాకును చవగ్గా అంటగట్టే ప్రయత్నం జరగొచ్చు. పెట్టె మీద మోడల్ నంబరు, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు చూసి బిల్లులో రాయించుకోవాలి.

ఈ ఊళ్లో ఎన్నో ఇళ్లలో పెద్దవాళ్లిద్దరే ఉంటారు, పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో. ఆటోమేషన్ ఆర్డరు వెళ్లేది పిల్లల దగ్గర్నుంచి, వాడాల్సింది అమ్మానాన్నలు. కాంట్రాక్టర్ డబ్బు పంపేవాళ్లకి వీడియో కాల్‌లో డెమో చూపించి వెళ్లిపోతే లోపం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచిన డెబ్బై ఏళ్ల అమ్మకి టచ్ ప్యానెల్ మీద ఏ బొమ్మ నొక్కాలో చీకట్లో కనిపించకపోతే ఆ ప్యానెల్ ఎంత ఖరీదైనదైనా ఆ ఇంటికి తగినది కాదు. అలాంటి ఇళ్లలో పాత స్విచ్‌లు అలాగే ఉంచి, వాటి వెనక మాడ్యూల్ పెట్టడం మేలు. అలవాటైన చోట అలవాటైన స్విచ్ ఉంటుంది, కావాల్సినప్పుడు ఫోన్‌తోనూ నడుస్తుంది. ఇంట్లో ఎవరెవరుంటారు, రాత్రి ఎవరు లేస్తారు అని అడిగే కాంట్రాక్టర్ ఈ పని మనసు పెట్టి చేస్తున్నాడని అర్థం.

కొటేషన్లు మూడు తీసుకోమని అందరూ చెబుతారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదవడం వేరే పని. "హోమ్ ఆటోమేషన్, 3 బీహెచ్‌కే, పూర్తి ప్యాకేజీ" అని ఒకే లైను, కింద ఒక అంకె ఉంటే ఆ కాగితం మీద రేపు నిలదీయడానికి ఏమీ లేదు. గది వారీగా ఎన్ని మాడ్యూళ్లు, ఏ కంపెనీ, ఏ మోడల్, ఒక్కోటి ఎన్ని ఆంపియర్లది, కొత్త వైరు ఎన్ని మీటర్లు, ఏ బ్రాండు, గోడ కొడితే మళ్లీ ప్లాస్టరింగ్, రంగు ఎవరి ఖర్చు, జీఎస్‌టీ కలిపా విడిగానా, వారంటీ సామానుకా పనికా రెండింటికా అన్నీ ఉండాలి. చవకైన కొటేషన్‌లో సాధారణంగా కనిపించనివి సర్జ్ ప్రొటెక్టర్, మోటారుకి కాంటాక్టర్, ఇల్లంతా అందేలా రెండో వైఫై పాయింటు. గోడలు, శ్లాబు కాంక్రీటు కాబట్టి హాల్లో ఉన్న ఒక్క రూటర్ వెనక పడకగదికి సరిగా అందదు. ఆ తేడాను తర్వాత "అదనం" పేరుతో అడుగుతారు.

మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వైపు కొత్త అపార్టుమెంట్లలో బిల్డరే స్మార్ట్ ఫ్లాట్ అని అమ్ముతుంటే ఇంకో జాగ్రత్త ఉంది. బ్రోచర్‌లో ఉన్నది అగ్రిమెంటులోనూ ఉందో లేదో చూడాలి, మోడల్ పేర్లతో సహా. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్లలోపు పని నాణ్యతలో, సేవల్లో లోపం బయటపడి చెబితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అగ్రిమెంటులో రాసి ఉంటే ఆ హక్కు అడగడం తేలిక.

పాత కస్టమర్ల ఇళ్లు చూపించమంటే కాంట్రాక్టర్ గృహప్రవేశం నెల కిందటే అయిన ఇంటికి తీసుకెళతాడు. రెండు వానాకాలాలు దాటిన ఇల్లు అడగాలి. అక్కడికి వెళ్లి యజమానిని అడగాల్సింది బాగుందా అని కాదు, పాడైనప్పుడు ఎన్నాళ్లకు వచ్చాడని. పాడవని సామాను ఉండదు.

డబ్బు విడతలుగా ఇవ్వాలి: సామాను ఇంటికి చేరాక కొంత, బిగించాక కొంత. చివరి వంతు, కనీసం పదో వంతు, నెల రోజులు వాడాకే ఇస్తామని ముందే కాగితం మీద రాసుకోవాలి. అప్పగించే రోజు ఇంట్లోవాళ్లందరి ముందూ మెయిన్ స్విచ్ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ వేయాలి. ఇన్వర్టర్ మీది లైట్లు వెలిగాయా, కరెంటు వచ్చాక గీజర్ ఆఫ్‌లోనే ఉందా చూడాలి. తర్వాత ఇంటర్నెట్ వైరు పీకేసి గదులన్నీ ఒకసారి తిరిగి రావాలి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని రాసి ఉన్న బటన్ నొక్కితే అది టక్కున పడాలి. వైరింగ్ డయాగ్రమ్, పాస్‌వర్డులు, సెట్టింగుల బ్యాకప్, సీరియల్ నంబర్లు ఉన్న బిల్లులు ఒక ఫైల్లో పెట్టి అదే రోజు ఇవ్వాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తానన్నప్పుడు ఒప్పుకుంటే తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి చేతిలో ఆధారం ఉండదు. బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు పెట్టొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే దానికి ఫీజు కూడా లేదు.